237తో మొదలయ్యే కారు: ఒక ‘జడ్జి’ ట్రిబ్యూట్ కన్వర్టిబుల్ అమ్మకం

మిషిగన్ ఆగ్నేయ ప్రాంతంలో పాత అమెరికన్ కార్లకు విలువ కట్టడం, అమ్మదలచినవారికి సలహా ఇవ్వడం నా వృత్తి. ఇక్కడి కార్ల పరిశ్రమలో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: “అచ్చం అసలు బండిలా కట్టిన కారుకు ధర ఎలా చెబుతారు?” ఆ ప్రశ్నకు నా చేతనైనంత పూర్తి జవాబు ఈ కేసు. కారులో లోపం లేదు, యజమాని మనసులో మోసం లేదు, కొనేవాళ్లకు కొరత లేదు. అయినా ఆ కారు పద్నాలుగు నెలలు అమ్ముడుపోలేదు. అందులో అయిదు నెలలు నా తప్పు వల్లే పోయాయి.

యజమానురాలి అనుమతితోనే రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ధరలను డాలర్లలో చెప్పకుండా నిష్పత్తుల్లోనే చెబుతాను.

నేపథ్యం

పోంటియాక్ సంస్థ 1969లో తన జీటీఓ కారుకు ‘ది జడ్జి’ అనే ప్యాకేజీని తెచ్చింది. ఆ ఏడాది 6,833 జడ్జిలు తయారయ్యాయి. వాటిలో పైకప్పు మడిచే కన్వర్టిబుల్స్ 108 మాత్రమే. మామూలు జీటీఓ కన్వర్టిబుల్స్ అదే ఏడాది ఏడు వేలకు పైగా వచ్చాయి. ఆ రెండు అంకెల మధ్య దూరమే ఈ రోజు ధరల మధ్య దూరం. అసలు జడ్జి కన్వర్టిబుల్ కొనగలిగినవాళ్లు చాలా తక్కువ. కొన్నవాళ్లలోనూ ఎక్కువమంది దాన్ని వాన చినుకు తగలని గదిలో దాచుకుంటారు.

అందుకే ట్రిబ్యూట్ కార్లు పుట్టాయి. అసలు బండి మీది అభిమానంతో, అదే తరహా మరో బండిని తీసుకుని అదే రూపంలో కట్టుకోవడమే ట్రిబ్యూట్. మన దేవాలయాల్లో మూలవిరాట్టు గర్భగుడిలో ఉంటే ఉత్సవమూర్తి వీధుల్లోకి వస్తుంది. వచ్చింది మూలవిరాట్టు కాదని అందరికీ తెలుసు. తెలిసే హారతి పడతారు, మోసపోయామని ఎవరూ అనుకోరు. ట్రిబ్యూట్ కారుకూ అంత గౌరవం దక్కవచ్చు. అయితే చూసేవారికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఈ కారును కట్టిన వ్యక్తి ఒక కర్మాగారంలో డైలు (లోహానికి ఆకారమిచ్చే అచ్చులు) తయారుచేసి రిటైరైన పనివాడు. మిల్లీమీటరులో పదో వంతు తేడాను వేలి కొసతో పట్టగలిగిన తరం. తన గ్యారేజీలో తొమ్మిదేళ్లు కష్టపడి దీన్ని పూర్తిచేశారు. మొదలుపెట్టింది జీటీఓ తరహాలోనే ఉండే మామూలు కారు, 1969 పోంటియాక్ లెమాన్స్ కన్వర్టిబుల్‌తో. తెల్ల రంగు, 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, రెండు గేర్ల ఆటోమేటిక్. మిషిగన్ రోడ్ల మీద చలికాలంలో చల్లే ఉప్పు దాని నేలరేకును తినేసింది కానీ ఫ్రేము గట్టిగానే ఉంది.

ఆ ఫ్రేము గురించి ఒక మాట చెప్పాలి. ఈ తరహా కార్లలో పైకప్పు కోసేసి కన్వర్టిబుల్ అనిపించడం కుదరదు. కప్పు లేని లోటును తట్టుకోవడానికి కన్వర్టిబుల్ ఫ్రేమును ఫ్యాక్టరీలోనే నాలుగు వైపులా మూసిన పెట్టెలా కట్టేవారు. బాడీకి అదనపు ఆసరాలు పెట్టేవారు. ఈయన అసలైన కన్వర్టిబుల్‌తోనే మొదలుపెట్టారు కాబట్టి ఎముకల గూడు నిజమైనది. తర్వాత విలువ కట్టినప్పుడు నేను మొదట లెక్కలోకి తీసుకున్నది దీన్నే.

మిగతా మార్పులు చాలా ఉన్నాయి. లెమాన్స్‌కు ముందు భాగంలో ఉండే క్రోమ్ బంపర్ తీసేసి, బాడీ రంగులోనే ఉండే జీటీఓ ఎండ్యూరా బంపర్ పెట్టారు. గాలి రంధ్రాలున్న హుడ్, జీటీఓ వెనుక లైట్లు, కన్వర్టిబుల్ కోసం వేరుగా చేసిన స్పాయిలర్, అంచు రింగులు లేని ర్యాలీ 2 చక్రాలు, టీ ఆకారపు పిడి ఉన్న హర్స్ట్ గేర్ రాడ్, గ్లవ్ బాక్స్ మీద జడ్జి చిహ్నం, ఫెండర్ల మీద రంగుల చారలు వచ్చాయి. కారౌసెల్ రెడ్ రంగు వేశారు. పేరులో ఎరుపు ఉన్నా అది పండిన నారింజ రంగు. ఇంజిన్ కాటలీనా అనే పెద్ద సెడాన్ నుంచి తెచ్చిన 400 క్యూబిక్ అంగుళాలది. దాని మీద పెట్టిన సిలిండర్ హెడ్లు మాత్రం 48 సంఖ్య ఉన్నవి, 1969లో రామ్ ఎయిర్ 3 అనే శక్తిమంతమైన జీటీఓ ఇంజిన్లలో వాడినవి. గేర్ బాక్స్ ఈ కాలపు అయిదు గేర్లది, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు. అంటే కళ్లకు జడ్జి, నడపడానికి జడ్జి కంటే సుఖమైన బండి.

ఆయన ఒక చలికాలంలో చనిపోయారు. ఆ తర్వాతి వసంతంలో ఆయన భార్య కారును అమ్మకానికి పెట్టారు.

మా దగ్గరికి వచ్చేసరికి

మొదట కారును ఒక షోరూముకు కమీషన్ మీద ఇచ్చారు. వాళ్లు ప్రకటన పైవరుసలో ‘1969 జీటీఓ జడ్జి కన్వర్టిబుల్’ అని పెద్దక్షరాలతో వేశారు. ‘ట్రిబ్యూట్’ అన్న మాట పదకొండో పేరాలో ఉంది. ఫోన్లు విపరీతంగా వచ్చాయి. వచ్చినవాళ్లు డ్రైవరు వైపు అద్దంలోంచి డ్యాష్‌బోర్డు మీది విన్ (కారుకు ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) పలక చూసి వెళ్లిపోయేవాళ్లు.

1969 పోంటియాక్ విన్‌లో మొదటి మూడు అంకెలు చాలు. 242 అయితే జీటీఓ, 237 అయితే లెమాన్స్. తర్వాతి రెండు అంకెలు 67 అయితే కన్వర్టిబుల్. ఈ కారు 23767. పాత కార్లు తెలిసిన ఎవరికైనా ఇది క్షణంలో తేలిపోయే విషయం. ఒకాయన వేరే రాష్ట్రం నుంచి ఏడు గంటలు నడుపుకుంటూ వచ్చి, ఆ పలక చూసి, ఆమె ఎదుటే “ఇది మోసం” అన్నారు. అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు. ఆమె నా దగ్గరికి నవంబరులో వచ్చినప్పుడు మొదట చెప్పింది ధర గురించి కాదు. “నా భర్తను దొంగ అన్నారు. ఆయన ఎన్నడూ అలా అమ్మాలనుకోలేదు” అన్నారు.

సమస్య రెండు పొరలుగా ఉంది. పైకి కనిపించేది కారు అమ్ముడుపోకపోవడం. లోపలిది, ఆమె మనసులో ఉన్న ధర. ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే బీమా పత్రం చూపించారు. పాత కార్లకు ఇక్కడ ‘అంగీకృత విలువ’ పాలసీలు ఉంటాయి. కారు పూర్తిగా పోతే ఎంత ఇవ్వాలో యజమాని, బీమా సంస్థ ముందే ఒప్పుకుని రాసుకుంటారు. ఆయన ఆ మొత్తాన్ని మళ్లీ అలాంటి కారు కట్టడానికి అయ్యే ఖర్చుగా లెక్కించి రాయించారు. అది న్యాయమైన లెక్కే. అయితే తిరిగి కట్టే ఖర్చు వేరు, మరొకరు ఇచ్చే ధర వేరు. ఆమె చేతిలోని కాగితం మీద మాత్రం ఒక సంస్థ ముద్రతో ఒక అంకె ఉంది. ముద్ర ఉన్న అంకెను మనసులోంచి తీసేయడం తేలిక కాదు.

నేను చేసిన మొదటి తప్పు

అప్పటికే ఇలాంటి కార్లు చాలా చూశానన్న ధీమాతో తొందరపడ్డాను. అసలు జడ్జి కన్వర్టిబుళ్ల అమ్మకాలు తీసుకుని, వాటిలో ఒక భాగంగా ఈ కారు ధర చెప్పాను. అప్పుడు నాకు అది జాగ్రత్తగా కట్టిన అంచనాగానే తోచింది. లోపం పద్ధతిలోనే ఉంది. అసలు జడ్జి ధరలో పెద్ద భాగం ఆ ఇనుముకు చెందదు. 108లో ఒకటి కావడానికి, దాన్ని రుజువు చేసే కాగితాలకు చెందుతుంది. ఆ రెండూ ఈ కారుకు లేవు. లేని వస్తువు ధరలో వాటా అడిగితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

ఆ ధరనే కనీస ధరగా పెట్టి, జనవరిలో దక్షిణాన జరిగే ఒక పెద్ద వేలానికి కారును పంపించాను. అప్పుడు నా ఆలోచన ఇది: మిషిగన్ మంచులో కన్వర్టిబుల్ ఎవరూ కొనరు, వెచ్చని చోట కొనేవాళ్లు గుంపుగా దొరుకుతారు. రవాణా ఖర్చు, ప్రవేశ రుసుము ఆమెవే.

వేదిక మీద కారుకు దక్కింది మూడు నిమిషాల లోపే. నేను రెండో వరుసలో నిలబడి ఉన్నాను. నారింజ రంగు దీపాల కింద మెరుస్తూ వచ్చింది. వ్యాఖ్యాత “జడ్జి కన్వర్టిబుల్” అనగానే తలలు లేచాయి. తర్వాతి వాక్యంలో “ట్రిబ్యూట్” అన్నారు. లేచిన తలలు కిందికి దిగడం కళ్లారా చూశాను. పాట కనీస ధరలో సగం దాటగానే ఆగిపోయింది. కారు తిరిగి ట్రక్కెక్కింది.

ఆ మూడు నిమిషాల గురించి చాలా రోజులు ఆలోచించాను. అసలు కారుకు వేలం సరిపోతుంది. దాని గురించి చెప్పాల్సింది కాగితాల్లో ముందే ఉంది, మిగిలింది ఇద్దరి పంతం. ట్రిబ్యూట్‌కు అలాంటి పొట్టి పరిచయం లేదు. ఎవరు కట్టారు, దేనితో కట్టారు, వెల్డింగు ఎలా ఉంది, దారి మీద ఎలా నడుస్తుంది అన్నవన్నీ తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. అది చదవడానికి సమయం కావాలి. నేను దాన్ని సమయమే లేని చోటికి పంపాను.

తిరస్కరించిన రెండు సలహాలు

వేలం నుంచి వచ్చాక ఒక మెకానిక్ నాకు ఒక మార్గం చెప్పాడు. ఇంజిన్ బ్లాకు ముందు కుడివైపున రెండక్షరాల గుర్తు ఉంటుంది. నాలుగు గేర్ల రామ్ ఎయిర్ 3 ఇంజిన్‌కు అది ‘డబ్ల్యూఎస్’. కాటలీనా గుర్తును అరగదీసి ఆ రెండక్షరాలు కొట్టేస్తే “కనీసం ఇంజిన్ అయినా అసలుది అవుతుంది” అన్నాడు. వద్దన్నాను. విన్ పలక మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇంజిన్ గుర్తు అదే కోవలోకి రాకపోయినా, చెప్పకుండా చేస్తే మా వృత్తిలో అది మోసమే. ఇంకో సంగతి కూడా ఉంది. 1968 నుంచి బ్లాకు మీద కారు విన్‌లోని కొన్ని అంకెలు కూడా కొట్టేవారు, పోత పోసిన తేదీ గుర్తు మరో చోట ఉంటుంది. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి మరో రెండు అబద్ధాలు చెక్కాలి. అవి బయటపడిన రోజు ఆ పనివాడి తొమ్మిదేళ్ల నిజమైన పని కూడా అబద్ధాల లెక్కలోకే పోతుంది.

రెండో సలహా నాదే. జడ్జి చారలు, చిహ్నాలు తీసేసి ‘ప్రత్యేకంగా కట్టిన లెమాన్స్’ అని అమ్మేద్దామన్నాను. అనుమానానికి తావే ఉండదు కదా అన్నది నా వాదన. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆయన లెమాన్స్ కట్టలేదు. పదహారేళ్ల వయసులో డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద చూసిన కారును కట్టారు” అన్నారు.

ఆ మాట నా ఆలోచనను మార్చింది. చారలు తీసేయడం నిజాయితీలా కనిపించింది కానీ అదీ ఒక రకంగా నిజాన్ని దాచడమే. కారు ఏమిటో, ఏమి కావాలనుకుందో రెండూ నిజాలే. రెండూ కొనేవారికి తెలియాలి. మొదట ఏది తెలియాలన్నదే అసలు ప్రశ్న.

గ్లవ్ బాక్సు వెనుక దొరికినది

మార్చిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ధర మాట ఎత్తలేదు. మూడు రోజులు కారుతోనే గడిపాను. లిఫ్టు మీదికి ఎత్తి కింద నుంచి ఫొటోలు తీశాను. రంగు మందం కొలిచే పరికరంతో ప్రతి రేకునూ అడుగు అడుగునా కొలిచాను. సిలిండర్ల కంప్రెషన్ చూపించాను. విన్ ఇచ్చి, పాత పోంటియాక్ కార్ల ఫ్యాక్టరీ రికార్డులు ఇచ్చే పోంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఫ్యాక్టరీ బిల్లు వివరాలు తెప్పించాను. తెల్ల లెమాన్స్, 350 ఇంజిన్, రెండు గేర్లు, అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. ఇది మొదటి వారంలోనే తెప్పించాల్సిన కాగితం. నేను అయిదో నెలలో తెప్పించాను.

ఆమె ఒక నోటు పుస్తకం తెచ్చి ఇచ్చారు. నూనె మరకలతో అట్ట నల్లబడింది. ప్రతి పేజీలో తేదీ, గంటలు, చేసిన పని. ఒక శనివారం ఇలా ఉంది: ఎడమ వెనుక రేకు కింది అంచు, వెల్డింగు, నాలుగు గంటలు. తర్వాతి శనివారం: అదే అంచు, కోసి తీసేశాను, అయిదు గంటలు. ఆ తర్వాతిది: అదే అంచు, ఈసారి కుదిరింది. మూడో వరుస కింద గీత గీసి ఉంది. నేను వెళ్లి ఆ అంచును తడిమి చూశాను. పరికరం చూపిన మందం పక్క రేకుతో సమానంగా ఉంది. అక్కడ పుట్టీ లేదు, ఇనుమే ఉంది.

గ్లవ్ బాక్సు లోపల వైరింగు చూడటానికి పెట్టెను విప్పినప్పుడు, దాని వెనుక రేకుకు రెండు చిన్న స్క్రూలతో బిగించిన ఇత్తడి పలక కనిపించింది. అగ్గిపెట్టె అంత ఉంటుంది. చేతి పంచ్‌లతో ఒక్కో అక్షరం కొట్టినట్టుంది, అక్షరాల మధ్య ఎడం మాత్రం అచ్చు వేసినట్టు ఒకేలా ఉంది. ‘లెమాన్స్’ అనే మాట, పూర్తి విన్, పని మొదలుపెట్టిన సంవత్సరం, ముగించిన సంవత్సరం. పేరు లేదు. ఆమెను అడిగితే, “అలాంటిది అన్ని కార్లకూ ఉంటుందనుకున్నాను” అన్నారు.

ఆ పలక ముందు కూర్చుని సిగ్గుపడ్డాను. ఈ కారు ఏమిటో చెప్పడానికి మేమందరం ఏడాదిగా తంటాలు పడుతుంటే, కట్టినాయన ఆ సంగతిని ఎప్పుడో ఇత్తడి మీద కొట్టి పెట్టారు.

పని చేసిన పద్ధతి

ధరను కొత్తగా కట్టాను. కాగితం మీద మూడు వరుసలు గీశాను. మొదటి వరుసలో మంచి స్థితిలో ఉన్న లెమాన్స్ కన్వర్టిబుళ్లు, రెండో వరుసలో అసలైన మామూలు జీటీఓ కన్వర్టిబుళ్లు, మూడో వరుసలో లెమాన్స్ నుంచి జడ్జి రూపంలోకి కట్టినవి, అదీ నిజంగా డబ్బు చేతులు మారినవి. అడిగిన ధరలను లెక్కలోకి తీసుకోలేదు. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు. మొదటి వరుస నేల, రెండో వరుస పైకప్పు. అసలైన జీటీఓ కన్వర్టిబుల్ అదే డబ్బుకు దొరుకుతుంటే ఎవరూ ఈ కారుకు అంతకంటే ఎక్కువ ఇవ్వరు. మూడో వరుసలోని వాటి పనితనాన్ని దీనితో పోల్చి, పై అంచు దగ్గర ధర పెట్టాను. అసలు జడ్జి ధరలు ఆ కాగితం మీద ఎక్కడా లేవు.

వచ్చిన అంకె, ఆయన విడి భాగాలకు పెట్టిన రశీదుల మొత్తంలో మూడింట రెండు వంతులు. తొమ్మిదేళ్ల కూలి అందులో ఒక్క డాలరు కూడా లేదు. ఆమె వంటింటి బల్ల దగ్గర ఈ మాట చెప్పడం ఈ కేసులో నాకు అన్నిటికంటే కష్టమైన గంట. రశీదులన్నీ వరుసగా పేర్చి చూపించాను, ఏదీ దాచలేదు. ఆమె చివరికి అడిగింది ఒక్కటే: “ఈ ధరకు కొన్నవాళ్లు దాన్ని నడుపుతారా?” నడిపేవాళ్ల కోసమే వెతుకుతానని మాట ఇచ్చాను. ఆ మాట తర్వాతి నిర్ణయాలన్నిటికీ దారి చూపింది.

ప్రకటన మొదటి ఫొటో విన్ పలకది. మొదటి వాక్యం: “ఇది 1969 లెమాన్స్ కన్వర్టిబుల్, 237 విన్, జడ్జి రూపంలో చేతితో కట్టినది.” రెండో ఫొటో ఇత్తడి పలక, మూడోది ఇంజిన్ మీది కాటలీనా గుర్తు. ఆ తర్వాతే నారింజ రంగు, చారలు. ఫోన్లు తగ్గిపోతాయని తెలుసు, తగ్గాయి కూడా. అంతకుముందు నెలకు వచ్చినవాటిలో పదో వంతు వచ్చాయి. అయితే ఆ ఫోన్లలో ఒక్కరు కూడా “అసలుదేనా?” అని అడగలేదు. హైవే మీద అయిదో గేరులో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతుంది, కప్పు మడవడానికి ఎంతసేపు పడుతుంది, వెనుక సీట్లో పిల్లలు కూర్చోవచ్చా అని అడిగారు. కారును వాడుకోదలచినవాళ్ల ప్రశ్నలు ఇలా ఉంటాయి.

బేరంలోనూ ఒక తేడా కనిపించింది. లోపాన్ని కొనేవాడే కనిపెడితే దానికి రెండింతలు తగ్గిస్తాడు, ఒక వంతు లోపానికి, ఒక వంతు మీరు దాచినందుకు. మేము మొదటి వాక్యంలోనే చెప్పేశాం కాబట్టి ‘ఇది జడ్జి కాదు కదా’ అన్న మాట బేరపు బల్ల మీదికి రానే లేదు. అది ధరలో ముందే ఉంది.

ఒక అనుభవం ఇక్కడ చెప్పాలి. ఒకాయన నేను చెప్పిన ధరకే, బేరమాడకుండా కొంటానన్నారు. మాటల మధ్యలో, ప్రకటనలోని మొదటి వాక్యాన్ని అమ్మకపు పత్రంలో రాయవద్దని కోరారు. కారణం అడిగితే సూటిగా చెప్పలేదు. ఆమెతో మాట్లాడి వద్దన్నాం. డబ్బు అవసరం ఉన్న మనిషి ఆమె, ఆ రోజు ఆమె వెంటనే “వద్దు” అన్నారు.

ఇంకో వాదన కూడా ఈ అమ్మకంలో బాగా పనికొచ్చింది. 1964లో జీటీఓ పుట్టింది వేరే కారుగా కాదు. లెమాన్స్‌కు పెద్ద ఇంజిన్ పెట్టి ఇచ్చిన ఆప్షన్ ప్యాకేజీగానే పుట్టింది. 1966లోనే అది విడి శ్రేణి అయింది. జీటీఓ అన్న పేరు కూడా ఫెరారీ నుంచి తీసుకున్నదే. జడ్జి సైతం జీటీఓ మీద ఒక ఆప్షనే, అందుకే 242 విన్ ఉన్నంత మాత్రాన ఏ కారూ జడ్జి అని రుజువు కాదు. అంటే లెమాన్స్‌ను తీసుకుని పెద్ద ఇంజిన్ పెట్టడం పోంటియాక్ ఇంజినీర్లు చేసిన పనే. ఈయన అదే పనిని తన గ్యారేజీలో మళ్లీ చేశారు. ఈ మాటను ధర పెంచడానికి వాడలేదు. కారును గౌరవంగా పరిచయం చేయడానికి వాడాను.

జులైలో రెండు రాష్ట్రాల అవతల నుంచి ఒక దంపతులు తమ మెకానిక్‌తో వచ్చారు. మూడు గంటలు చూశారు. నోటు పుస్తకాన్ని భర్త కంటే భార్య ఎక్కువసేపు చదివారు. నలభై మైళ్లు నడిపి తిరిగి వచ్చి, టైర్లు పాతబడ్డాయని మాత్రం కొద్దిగా తగ్గించమన్నారు. న్యాయమే, వాటి మీది తయారీ తేదీ చూస్తే మార్చాల్సినవే. తగ్గించాం. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూయిజ్‌కు ఆ కారుతో వస్తామన్నారు, వచ్చారు కూడా.

పత్రాల సంగతి

యజమాని ఎవరో తెలిపే రాష్ట్ర టైటిల్ పత్రం, కారు జడ్జి అవునో కాదో చెప్పదు. విన్ చదవడం వచ్చినవారికే అందులో లెమాన్స్ కనిపిస్తుంది. అందుకే అమ్మకపు పత్రంలో మూడు వాక్యాలు అదనంగా రాయించాను: వాహనం ఫ్యాక్టరీ నుంచి లెమాన్స్‌గా వచ్చింది, జీటీఓ జడ్జి భాగాలు తర్వాత అమర్చినవి, ఇంజిన్ ఈ కారుతో వచ్చినది కాదు. ఇరువురూ ఆ వాక్యాల పక్కనే సంతకం చేశారు. ఫ్యాక్టరీ బిల్లు ప్రతిని జత చేశాం.

వీళ్లు రేపు ఇంకొకరికి అమ్మితే, ఆ ఇంకొకరు మరొకరికి అమ్మితే, అప్పుడు ఈ వాక్యాలు వెంట వెళతాయా? ఆ హామీ ఏ పత్రమూ ఇవ్వలేదు. పత్రాలు పోతాయి, నోటు పుస్తకాలు పోతాయి. ట్రిబ్యూట్ కార్లను నమ్మకంగా అమ్మే నాలాంటివాళ్లకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వని చిక్కు ఇదే. పలక బిగించి ఉంటే అది కారుతోనే తిరుగుతుంది, విప్పేవాడు విప్పుతాడు, కానీ విప్పడానికి కష్టపడాలి. అందుకే ఇప్పుడు ఎవరైనా ఇలాంటి కారు కడుతూ నా సలహా అడిగితే, రంగు వేయకముందే ఒక పలక కొట్టి లోపల బిగించమని చెబుతున్నాను. అమ్మకానికి వచ్చిన కారు దగ్గరికి వెళితే ధర మాట కంటే ముందు టార్చి తీసుకుని డ్యాష్‌బోర్డు అద్దం దగ్గర వంగుతున్నాను, ఆ రోజే ఫ్యాక్టరీ బిల్లుకు రాస్తున్నాను. బీమా కాగితంలోని అంకె గురించి అదే పూట మాట్లాడుతున్నాను, నెలలు గడిచి అది ఆశగా గట్టిపడక ముందే.

నోటు పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది చివరి నిర్ణయం. కారుతో అసలు పుస్తకం వెళితే దానికి బలం ఎక్కువని నేననుకున్నాను. ఆమె దాన్ని ఇవ్వలేకపోయారు. నేనూ పట్టుబట్టలేదు. ప్రతి పేజీనీ రంగుల్లో ప్రతి తీయించి, జిల్దు కట్టించి కారుతో పంపాం.

డ్రీమ్ క్రూయిజ్ అయిన కొన్ని వారాలకు కొన్నాయన నాకు ఫోను చేశారు. ఇత్తడి పలక కింద ఇంకో పలక బిగించాలనుకుంటున్నామని, అందులో కారు చేతులు మారిన సంవత్సరం మాత్రమే ఉంటుందని, అందుకు ఆమెకు అభ్యంతరం ఉంటుందేమో కనుక్కోమని అడిగారు. ఆమెకు చెప్పాను. మరుసటి వారం ఆమె ఒక చిన్న చెక్కపెట్టెను పార్సిల్ చేశారు. అందులో ఆయన వాడిన అక్షరాల పంచ్‌ల సెట్టు ఉంది, చిన్న సుత్తితో సహా.